ఇంటి మగవాడి మీద మోపిన కాపలా: తాలిబన్ పాలనలో స్త్రీలు

అడిగిన ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకొంటాను. తాలిబన్లు స్త్రీలపై విధిస్తున్న ఆంక్షలు మతం నుంచి వచ్చినవా, తెగల ఆచారం నుంచి వచ్చినవా? సొంత కూతుళ్లను బడి మాన్పిస్తుంటే అక్కడి తండ్రులూ అన్నదమ్ములూ ఎందుకు నోరు మెదపడం లేదు? అక్కడి స్త్రీలకు అది తరతరాలుగా అలవాటైన బతుకే కదా, బయటివాళ్లకెందుకు అంత బాధ అనే వాదంలో నిజమెంత?

నేను వృత్తిరీత్యా ప్రసూతి నర్సింగ్ బోధించేదాన్ని. 2007 నుంచి 2011 వరకు ఆఫ్ఘనిస్తాన్‌లో, ఎక్కువ కాలం ఈశాన్యంలోని బదఖ్షాన్‌లో, పల్లెటూరి యువతులకు కాన్పులు చేయడం నేర్పే శిక్షణ కార్యక్రమంలో పనిచేశాను. తిరిగి వచ్చేసిన తరువాత కూడా నా పాత విద్యార్థినులతో మాటలు ఆగలేదు. అందువల్ల నా జవాబు ప్రసూతి గది వైపు నుంచి, ఇళ్ల లోపలి నుంచి కనిపించిన దాని మీద నిలబడి ఉంటుంది.

రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తెలిస్తే మొదటిదానికి సగం జవాబు దానంతట అదే దొరుకుతుంది.

2022 మే 7న కాబూల్‌లో ప్రకటించిన హిజాబ్ ఫర్మానాను చాలామంది "ముఖం కప్పుకోవాలట" అన్న ఒక్క వాక్యంగా చదివి వదిలేశారు. అందులో నిజంగా చదవవలసింది శిక్షల వరుస. స్త్రీ నియమం తప్పితే మొదట ఆమె ఇల్లెక్కడో కనుక్కొని, ఆమెకు సంరక్షకుడుగా లెక్కించే మగవాడికి, అంటే తండ్రికో భర్తకో అన్నకో, హెచ్చరిక ఇస్తారు. రెండోసారి అతన్ని కార్యాలయానికి పిలిపిస్తారు. మూడోసారి అతన్ని మూడు రోజులు నిర్బంధిస్తారు. అప్పటికీ దారికి రాకపోతే అతన్ని కోర్టుకు అప్పగిస్తారు. ప్రభుత్వోద్యోగి భార్య గాని కూతురు గాని నియమం తప్పితే అతని ఉద్యోగానికే ఎసరు వస్తుంది. పనిలేనిదే ఇల్లు కదలకపోవడమే అన్నిటికంటే మేలైన హిజాబ్ అని కూడా ఆ ఫర్మానాలోనే చెప్పారు.

ఈ వరుసను ఒక ఇంట్లో కూర్చొని ఊహించండి. తండ్రి కూలి పని చేస్తాడు, మూడు రోజులు లోపల ఉంటే మూడు రోజులు పొయ్యి వెలగదు. అన్న ఏదో చిన్న ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, ఆ జీతం మీద పదిమంది బతుకుతున్నారు. ఇప్పుడు పద్దెనిమిదేళ్ల అమ్మాయి వీధి చివర ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్తానంటే ఆమెను గడప దగ్గర ఆపేది ఎవరు? తుపాకీ పట్టుకున్న తాలిబన్ సైనికుడు ఆ వీధికి నెలకొకసారి కూడా రాకపోవచ్చు. ఆపేది తల్లే. "నీ వల్ల మీ నాన్న జైలుకు పోవాలా?" అన్న ఒక్క మాట చాలు, ఆ అమ్మాయి చెప్పులు విప్పేస్తుంది. ఇంట్లో ఎవరికీ ఆమె మీద ద్వేషం లేదు, పైగా ప్రేమ ఉంది. ఆ ప్రేమనే ప్రభుత్వం తన పనికి వాడుకుంటోంది. ఇంటింటికీ ఒక పోలీసును నియమించే స్తోమత ఏ ప్రభుత్వానికీ ఉండదు. ఇంటి మగవాడినే జీతం లేని కాపలావాడిగా మార్చి, తప్పు జరిగితే శిక్ష అతని నెత్తిన వేస్తే ఆ ఖర్చు తప్పుతుంది. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే, మిగిలినదంతా దీని కొమ్మలే.

ఆ కొమ్మలు ఎంత దూరం పాకాయో చూడండి. 2021 డిసెంబర్ చివరిలో, 72 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి మహ్రమ్ లేని స్త్రీని వాహనంలో ఎక్కించుకోవద్దని డ్రైవర్లను ఆదేశించారు. మహ్రమ్ అంటే పెళ్లి నిషిద్ధమైన దగ్గరి రక్తబంధువు గాని భర్త గాని. ఆ నియమాన్ని అమలు చేసే భారం టాక్సీ డ్రైవర్ మీద పడింది కనుక అతడు దూరంతో పని లేకుండా ఒంటరి స్త్రీని చూస్తేనే బండి ఆపడం మానేశాడు. 2024 ఆగస్టులో ప్రకటించిన, 35 అధికరణాలున్న "మంచిని ఆదేశించి చెడును నివారించే" చట్టంలో డ్రైవర్లకు ఆ నిషేధం దూరం లెక్క లేకుండానే వచ్చి చేరింది. కొన్నిచోట్ల మహ్రమ్ లేకుండా వచ్చిన స్త్రీకి వైద్యం చేయవద్దని ఆసుపత్రులకు కూడా చెప్పారని ఐక్యరాజ్యసమితి కార్యాలయం తన నివేదికల్లో నమోదు చేసింది. 2022లో ఆర్థిక మంత్రిత్వ శాఖలో ఏళ్ల తరబడి పనిచేసిన మహిళా ఉద్యోగులకు ఫోన్ చేసి, మీ బదులు మీ ఇంటి మగవాడినెవరినైనా పంపండి, అతనికి ఆ ఉద్యోగం ఇస్తామన్నారు. ఈ చివరి సంగతి నాకు అన్నిటికంటే కుటిలంగా తోస్తుంది. అక్క ఉద్యోగం పోవడంలో తమ్ముడికి లాభం ఉండేలా ఏర్పాటు చేస్తే ఆ ఇంట్లో తరువాత మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

ఇక మహ్రమే లేని స్త్రీల సంగతి. నలభై ఏళ్ల యుద్ధాల దేశంలో భర్తా లేక, ఎదిగిన కొడుకూ లేక, అన్నదమ్ములు వలస పోయిన వితంతువులకు లోటు లేదు. తాలిబన్ల తొలి పాలనలోనూ (1996–2001) ఈ చిక్కు వచ్చింది. ప్రపంచ ఆహార కార్యక్రమం వారు కాబూల్‌లో వితంతువుల చేత నడిపించిన రొట్టెల బట్టీలను 2000 ఆగస్టులో మూయించి, మరునాడే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకోవలసి వచ్చింది, ఎందుకంటే ఆ రొట్టెలు లేకపోతే ఆ ఇళ్లలో తిండి లేదు. 2021లో మళ్లీ అధికారంలోకి వచ్చాక మాత్రం అలా వెనక్కి తీసుకోవడం అరుదైపోయింది. 2022 డిసెంబర్ 24న స్వచ్ఛంద సంస్థల్లో, 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయాల్లో ఆఫ్ఘన్ స్త్రీలు పనిచేయకుండా ఆపేశారు. ఆ ఏడాది జులైలో బ్యూటీ పార్లర్లు మూయించడంతో సుమారు 60,000 మంది స్త్రీల జీవనాధారం పోయిందని అక్కడి మహిళా వ్యాపారుల సంఘం లెక్క చెప్పింది. పార్లర్ అంటే మనకు అలంకారం గుర్తుకు వస్తుంది. అక్కడ అది మగవాళ్లు అడుగుపెట్టని చోటు, ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడుకునే చోటు, ఆడవాళ్ల చేతికి సొంతంగా డబ్బు వచ్చే చోటు కూడా.

మగవాళ్లు నోరు మెదపలేదనడం మాత్రం పూర్తిగా నిజం కాదు. 2022 డిసెంబర్ 20న విశ్వవిద్యాలయాల తలుపులు అమ్మాయిలకు మూసుకున్నప్పుడు నంగర్‌హార్‌లోనూ కాందహార్‌లోనూ అబ్బాయిలు పరీక్ష మధ్యలో లేచి బయటికి వచ్చారు. కాబూల్ అధ్యాపకుడు ఇస్మాయిల్ మషాల్ టీవీ ప్రత్యక్ష ప్రసారంలో తన పట్టాలను చించివేశాడు, ఆ తరువాత తోపుడు బండి మీద పుస్తకాలు పెట్టుకొని వీధుల్లో ఉచితంగా పంచాడు. 2023 ఫిబ్రవరిలో అతన్ని పట్టుకుపోయారు. దక్షిణాదిలో ఊరూరా తిరిగి ఆడపిల్లల బడుల కోసం పెద్దలను ఒప్పించిన మతీయుల్లా వెసా అనే పష్తూన్ (తాలిబన్లలో ఎక్కువమంది ఈ జాతివాళ్లే) యువకుడు అదే సంవత్సరం మార్చి నుంచి ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. చివరికి వాళ్ల సొంత విదేశాంగ ఉపమంత్రి షేర్ మొహమ్మద్ అబ్బాస్ స్తానిక్‌జాయ్ 2025 జనవరిలో ఖోస్త్‌లో జరిగిన ఒక సభలో, ఆడపిల్లల చదువు ఆపడానికి ఏ సాకూ లేదని బహిరంగంగా అని, కొద్ది రోజుల్లోనే దేశం విడిచి వెళ్లాడు. (ఈయన 1980లలో మన దేహ్రాదూన్ సైనిక అకాడమీలో శిక్షణ పొందినవాడు.) మంత్రికే ఆ గతి పడితే కూలివాడు ఏం మాట్లాడతాడు?

పైగా 2024 ఆగస్టు చట్టం మగవాళ్లనూ వదలలేదు. గడ్డం పిడికెడు కంటే తక్కువ ఉండకూడదు, జుట్టు నచ్చిన తీరులో కత్తిరించుకోకూడదు. ఆ చట్టం కింద జరిగిన అరెస్టుల్లో సగానికి పైగా గడ్డం, జుట్టు విషయాల్లో మగవాళ్లవీ, వాళ్లకు క్షవరం చేసిన మంగలివాళ్లవీ అని 2025 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి తెలిపింది. తన గడ్డానికే భయపడే మనిషికి ఇంట్లో ఆడవాళ్ల మీద మాత్రం అధికారం ఇచ్చారు. బయట పోయిన మర్యాదను కొందరు ఇంట్లో వసూలు చేసుకుంటారన్నది ఏ దేశపు ఆడవాళ్లకూ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఇది మతమా?

తాలిబన్లు మతం పేరుతోనే చేస్తున్నారు, వాళ్ల పండితులు గ్రంథాల ఆధారాలు చూపుతున్నారు, దాన్ని దాచనక్కరలేదు. కాని అదే మతాన్ని అనుసరించే ఇతరులు ఏమన్నారో కూడా చూడాలి. విశ్వవిద్యాలయాల నిషేధాన్ని కైరోలోని ప్రసిద్ధ ఇస్లామిక్ విద్యాపీఠం అల్ అజహర్ పెద్ద ఇమామ్ అహ్మద్ అల్ తయ్యబ్ షరియత్‌కు విరుద్ధమన్నారు. సౌదీ అరేబియా, ఖతార్, తుర్కియే ఖండించాయి. 2025 జనవరిలో ముస్లిం దేశాల పండితులు, మంత్రులు ఆడపిల్లల చదువు గురించి ఇస్లామాబాద్‌లో సమావేశమైనప్పుడు ఆఫ్ఘన్ ప్రభుత్వం నుంచి ఎవరూ రాలేదు. 2024 చట్టం స్త్రీ గొంతును కూడా దాచవలసిన అంగంగా పరిగణించి, పరాయి మగవాళ్లకు ఆమె పాట గాని పఠనం గాని వినపడకూడదన్నది. ముహమ్మద్ ప్రవక్త భార్య ఆయిషా నోట విని రాసుకున్న హదీసులు, అంటే ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే వృత్తాంతాలు, రెండు వేలకు పైగా ఉన్నాయి, వాటిని ఆమె దగ్గర నేర్చుకున్నవారిలో మగవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఎవరికైనా సందేహం రావాలి.

తాలిబన్ నాయకులు చాలామంది తమది దేవ్‌బంద్ సంప్రదాయమని చెప్పుకొంటారు. 1866లో స్థాపించిన ఆ విద్యాసంస్థ ఉన్నది మన ఉత్తరప్రదేశ్‌లో, 2025 అక్టోబర్‌లో తాలిబన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ దాన్ని దర్శించుకొని వెళ్లాడు కూడా. అదే సంప్రదాయం బలంగా ఉన్న మన దేశంలో ఆడపిల్లల మదరసాలు వందల్లో ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీ మొఘల్‌పురాలో ఆడపిల్లల మదరసా ఒకటి స్త్రీలను ముఫ్తీలుగా తయారుచేస్తోంది, అంటే మతపరమైన సందేహాలకు తీర్పు చెప్పగల విద్వాంసురాళ్లుగా. పరదా పాటిస్తూనే వాళ్లు ఆ చదువు చదివారు. వాళ్ల అభిప్రాయాలన్నీ నాకు నచ్చుతాయని కాదు. అదే పుస్తకాలు చదివి ఒకచోట స్త్రీని ముఫ్తీని చేశారు, ఇంకొకచోట ఆమెను ఆరో తరగతి దగ్గర ఆపేశారు. కాబట్టి తేడా పుస్తకంలో లేదు, పుస్తకాన్ని పట్టుకున్న చేతుల్లో ఉంది.

మరి ఆచారమా? పష్తూన్లలో నంగ్, నామూస్ అనే మాటలున్నాయి. నంగ్ అంటే పౌరుషం, నామూస్ అంటే ఇంటి ఆడవాళ్లతో ముడిపడిన పరువు. హత్య జరిగితే పగ చల్లార్చడానికి హంతకుడి ఇంటి ఆడపిల్లను అవతలి ఇంటికి ఇచ్చే "బద్" అనే దారుణమైన పద్ధతి కూడా ఉంది. నిజానికి 2021 డిసెంబర్ 3న తాలిబన్ అధినేత హిబతుల్లా అఖుంద్‌జాదా పేరిట వచ్చిన ఒక ఫర్మానా ఇలాంటి ఆచారాలకు వ్యతిరేకమైనదే. పెళ్లికి స్త్రీ సమ్మతి ఉండాలి, ఆమెను సంధికి బదులుగా ఇవ్వకూడదు, వితంతువుకు ఆస్తిలో వాటా ఉంది అని అందులో రాశారు. తాలిబన్ ప్రతినిధులు ఏ వేదిక ఎక్కినా దాన్ని చూపిస్తారు. చదువూ సంపాదనా కోర్టుకు వెళ్లే దారీ లేని అమ్మాయి ఆ సమ్మతిని ఎవరి ముందు నిరాకరించాలో మాత్రం చెప్పరు.

ఆచారం విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఆచారానికీ ఫర్మానాకూ ఉన్న తేడా నాకు అక్కడే అర్థమైంది. మా శిక్షణకు నియమం ఏమిటంటే అమ్మాయి ఏ ఊరికి సేవ చేయాలో ఆ ప్రాంతం నుంచే రావాలి, ఇంటివాళ్లు, ఊరిపెద్దలు ఒప్పుకోవాలి, చదువు ముగిశాక ఆమెను పని చేయనిస్తామని మాట ఇవ్వాలి. ఒక కొండ ఊరిలో తొమ్మిదో తరగతి వరకు చదివిన అమ్మాయి ఒకే ఒకతె దొరికింది. అక్కడ ఊరిపెద్దను రీష్ సఫేద్ అంటారు, తెల్లగడ్డం ఆయన అని అర్థం. ఆయన మూడుసార్లు మమ్మల్ని టీ తాగించి పంపేశాడు. నాలుగోసారి, అమ్మాయిని పంపడానికి అభ్యంతరం లేదని, కాని వచ్చే క్లినిక్‌ను ఏటికి తమ ఊరి వైపు ఒడ్డునే కట్టాలని అన్నాడు. ఏరు పొంగితే అవతలి ఒడ్డుకు వెళ్లలేక చనిపోయిన తల్లుల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. క్లినిక్ ఎక్కడ కట్టాలన్నది మా చేతిలో లేదు, అయినా రాసి పంపాము. అమ్మాయి తన చంటిబిడ్డతో, అత్తగారిని తోడు తీసుకొని శిక్షణకు వచ్చింది. అత్తగారు ఏడాదిన్నర పాటు మా వసతి గృహంలోనే ఉండి మనవడిని సాకుతూ, తరగతిలో ఏం చెప్పారో కోడలిని రోజూ రాత్రి అడిగేది.

ఆచారం ఎంత బిగుసుకున్నదైనా బేరమాడుతుంది. దానికి అవసరాలు తెలుసు, వర్షాకాలం తెలుసు, చనిపోయినవాళ్ల పేర్లు తెలుసు. ఫర్మానాకు ఇవేవీ తెలియవు. 2022 మార్చి 23న అమ్మాయిలకు ఆరో తరగతి పైబడిన ఉన్నత పాఠశాలలు కూడా తెరుస్తున్నామని విద్యాశాఖ ప్రకటిస్తే అమ్మాయిలు కొత్త సంచులతో వచ్చి బెంచీల మీద కూర్చున్నారు, కొన్ని గంటల్లోనే ఇళ్లకు పొమ్మన్నారు. తలుపు తెరిచింది కాబూల్‌లోని మంత్రులు, మూయించింది కాందహార్‌లో అరుదుగా తప్ప బయటికి రాని అధినేత. ఆ తెల్లగడ్డం పెద్ద లాంటివాడు వెళ్లి మాట్లాడటానికి అక్కడ తలుపే లేదు. అందుకే నా మటుకు ఇది మతం నుంచీ ఆచారం నుంచీ ముడిసరుకు తీసుకొని ఒక ప్రభుత్వం కొత్తగా కట్టిన కట్టడం. పాత సంప్రదాయంగా చూపించుకోవడం దాని అవసరం.

మూడో ప్రశ్న, అలవాటైన బతుకే కదా అన్నది. 1921లోనే కాబూల్‌లో ఆడపిల్లల బడి తెరిచారు. 1964 రాజ్యాంగం వచ్చిన మరుసటి సంవత్సరం నలుగురు స్త్రీలు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 2021కి ముందు దిగువ సభలోని 249 స్థానాల్లో 69 స్త్రీలవి, శాతంలో చూస్తే అప్పటి మన లోక్‌సభ కంటే చాలా ఎక్కువ. అయితే 2001కీ 2021కీ మధ్య కాలాన్ని స్వర్ణయుగంలా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. పల్లెల్లో బడి లేని చోట్లు లెక్కలేనన్ని ఉండేవి. స్త్రీలపై హింసను శిక్షించే చట్టం 2009లో వచ్చినా, ఇంటి నుంచి పారిపోవడం వంటి "నైతిక నేరాల" మీద 2012 నాటికి సుమారు 400 మంది స్త్రీలు, బాలికలు జైళ్లలో ఉన్నారు. 2015 మార్చిలో ఫర్ఖుందా అనే 27 ఏళ్ల యువతిని కురాన్ తగలబెట్టిందన్న అబద్ధపు ఆరోపణతో కాబూల్ నడిబొడ్డున, పోలీసుల కళ్ల ముందే గుంపు కొట్టి చంపింది. ఆ గుంపులో జీన్స్ వేసుకున్న కుర్రాళ్లున్నారు. అయితే ఫర్ఖుందా శవపేటికను ఆడవాళ్లే భుజాల మీద మోసుకుపోయారు, మగవాళ్లను తాకనివ్వలేదు. అలవాటుపడిన మనుషులు అలా చేయరు. 2021 తరువాత "నాన్, కార్, ఆజాదీ" అని, అంటే రొట్టె, పని, స్వేచ్ఛ అని అరుస్తూ తుపాకుల ముందు నడిచినవాళ్లూ, గొంతు వినపడకూడదన్న చట్టం రాగానే ముసుగులతో పాటలు పాడి వీడియోలు పెట్టినవాళ్లూ కూడా ఆ కోవకే చెందుతారు. తొలి తాలిబన్ పాలనలో హెరాత్‌లో కుట్టుపని తరగతుల పేరుతో స్త్రీలు సాహిత్యం చదువుకున్నారు, బట్టల కింద పుస్తకాలు దాచుకొని వచ్చేవారు.

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతి, నాకు నిద్ర పట్టనివ్వనిది. 2002లో ఆఫ్ఘనిస్తాన్‌లో తల్లుల మరణాలపై ఒక పెద్ద సర్వే చేశారు. బదఖ్షాన్‌లోని రాగ్ జిల్లాలో లక్ష సజీవ జననాలకు 6,507 మంది తల్లులు చనిపోతున్నట్లు తేలింది. ప్రపంచంలో ఎక్కడా అంతకంటే పెద్ద సంఖ్య అప్పటివరకు నమోదు కాలేదు. పోల్చి చూడటానికి, 2018–20 లెక్కల ప్రకారం ఆ సంఖ్య తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఆ సర్వే రోజుల్లో ఆఫ్ఘనిస్తాన్ అంతటికీ శిక్షణ పొందిన కాన్పు నర్సులు 467 మందే ఉండేవారు. మగ డాక్టరు చేత కాన్పు చేయించడానికి ఏ కుటుంబమూ ఒప్పుకోదు, మంచు పడితే ఆరు నెలలు దారులు మూసుకుపోతాయి. అందుకే ఊరి అమ్మాయికే నేర్పి ఊళ్లోనే ఉంచాలన్న ఆలోచన పుట్టింది, కొన్ని ఏళ్లలోనే ఆ సంఖ్య వేలల్లోకి చేరింది. 2000లో లక్షకు 1,300కు పైగా ఉన్న దేశ సగటు 2020 నాటికి 620కి దిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దానికి రోడ్లూ టీకాలూ డబ్బూ అన్నీ కారణమే, కాని నా కళ్లతో చూసిన కారణం ఆ అమ్మాయిలు.

2024 డిసెంబర్ మొదట్లో కాన్పు, నర్సింగ్ కోర్సులు చెప్పే సంస్థల్లోకి కూడా స్త్రీలు రాకూడదని ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు విశ్వవిద్యాలయాలు మూసినప్పుడు మిగిలిన ఒకే ఒక కిటికీ అది. బడి ఆగిపోయిన అమ్మాయిలు వేల సంఖ్యలో అందులో చేరి ఉన్నారు. దీనిలోని తర్కాన్ని నేను ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతు చిక్కదు. స్త్రీకి స్త్రీయే వైద్యం చేయాలని పట్టుబట్టేది వాళ్లే, వైద్యం నేర్చుకోవడానికి స్త్రీని రానివ్వనిదీ వాళ్లే. ఆ రెంటి మధ్య మిగిలేది నొప్పులు పడుతున్న మనిషి. ఆడపిల్లల చదువు మీద నిషేధాలు ఇలాగే కొనసాగితే 2026 నాటికి చిన్నవయసు కాన్పులు 45 శాతం, తల్లుల మరణాలు 50 శాతం వరకు పెరిగే ప్రమాదం ఉందని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం అంచనా కట్టింది. అది ఈ ఉత్తర్వు రాకముందు కట్టిన అంచనా.

2025 ఆగస్టు 31 రాత్రి తూర్పు ఆఫ్ఘనిస్తాన్‌లోని కునార్‌లో భూకంపం వచ్చి 2,200 మందికి పైగా చనిపోయారు. సహాయానికి వెళ్లిన బృందాల్లో ఆడవాళ్లు దాదాపు లేరు. పరాయి స్త్రీని తాకరాదన్న భయంతో గాయపడిన ఆడవాళ్లను ఒక పక్కన కూర్చోబెట్టి మగవాళ్లకూ పిల్లలకూ ముందు చికిత్స చేశారని, శిథిలాల కింద ఉన్నవాళ్లను బయటికి తీయడానికి వేరే ఊళ్ల ఆడవాళ్లు వచ్చేదాకా ఆగవలసి వచ్చిందని బతికిన స్త్రీలు పత్రికలవారికి చెప్పారు. అక్కడ తాకవద్దని ఎవరూ పక్కన నిలబడి చెప్పనక్కరలేదు. మొదట్లో చెప్పిన కాపలా అప్పటికే ఆ మగవాళ్ల చేతుల్లోకి దిగి ఉంది.

బయటివాళ్లు ఏం చేస్తున్నారంటే, 2025 జులై 8న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు స్త్రీలను స్త్రీలైనందుకు పీడించడం మానవాళిపై నేరమని చెబుతూ అఖుంద్‌జాదాకూ ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీమ్ హక్కానీకీ అరెస్టు వారెంట్లు ఇచ్చింది. దానికి అయిదు రోజుల ముందే రష్యా ఆ ప్రభుత్వాన్ని అధికారికంగా గుర్తించింది. మన ఢిల్లీలో 2025 అక్టోబర్ 10న ముత్తఖీ పెట్టిన విలేకరుల సమావేశానికి మహిళా విలేకరులను పిలవలేదు. గొడవ జరిగాక రెండు రోజులకు మరో సమావేశం పెట్టి వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆ రెండో సమావేశం చిన్న విషయమేమీ కాదని నా అభిప్రాయం. తలుపు తట్టే చోటు ఉంటే వాళ్లు కూడా బేరానికి దిగుతారని అది చూపించింది. 2021 ఆగస్టులో మన దేశం ఆఫ్ఘన్లకు ముందే ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేసినప్పుడు, సెలవులకు ఇంటికి వెళ్లిన విద్యార్థులు ఎందరో అక్కడే చిక్కుకుపోయారు. తరువాత 2023లో ఆఫ్ఘన్ విద్యార్థులకు వెయ్యి ఆన్‌లైన్ స్కాలర్‌షిప్‌లు ప్రకటించారు. గడప దాటలేని అమ్మాయికి అది నిజంగా పనికివచ్చే సాయం, కరెంటూ ఇంటర్నెట్టూ ఉన్నంతసేపు. 2025 సెప్టెంబర్ చివరిలో దేశమంతటా రెండు రోజులు ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఆ దారం ఎంత సన్ననిదో అందరికీ తెలిసింది.

పైన చెప్పిన కొండ ఊరి అమ్మాయి ఇప్పటికీ అక్కడే కాన్పులు చేస్తోంది. ఉన్నవాళ్లను పనిచేయనిస్తున్నారు, కొత్తవాళ్లను నేర్చుకోనివ్వడం లేదు, కనుక చుట్టుపక్కల నాలుగు లోయలకు ఆమె ఒక్కతే. శిక్షణ నాటి చంటిబిడ్డ తరువాత ఆమెకు ఒక కూతురు పుట్టింది, ఆ పిల్ల గత చలికాలంలో ఆరో తరగతి పరీక్షలు రాసింది. ఫలితం గురించి ఫోన్‌లో చెబుతూ ఆమె నవ్వింది. తరగతిలో మొదటి స్థానంలో ఉండే పిల్ల లెక్కల కాగితం ఖాళీగా ఇచ్చి వచ్చిందట, పరీక్ష తప్పితే ఇంకో ఏడాది బడికి వెళ్లవచ్చునని.